నేల తాకని పేడ

వికారాబాద్ వైపు వెళ్లేవాళ్లు చాలామంది అనంతగిరి కొండ చూడ్డానికి వెళ్తారు. నేను రెండు డబ్బాల పేడ తేవడానికి వెళ్లాను. మూడు రోజులు తిరిగాను. కొండను రైలు కిటికీలోంచి చూశాను, అంతే. అటు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లినవాళ్లకు కూడా ఈ దారి తెలిసి ఉండదు.

ముందు నా పని గురించి కొంత చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. పేడ, కూరగాయల చెత్త, పప్పు మిల్లు పొట్టు లాంటివి తెచ్చిస్తే వాటి నుంచి ఎంత గ్యాసు వస్తుందో కొలిచి చెబుతాం. నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి నల్లటి జావ తెస్తాం. గ్యాసు తయారుచేసే సూక్ష్మజీవులు దాని నిండా ఉంటాయి. గాజు సీసాల్లో ఆ జావ పోసి, పరీక్షించాల్సిన పదార్థం తూచి కలిపి, రబ్బరు బిరడా బిగించి, ఒంటి వేడి ఉన్న నీళ్లలో నెల రోజులు ఉంచుతాం. రోజూ ఎంత గ్యాసు వచ్చిందో రాస్తాం. ప్రతి బ్యాచ్‌లోనూ వీటికి తోడుగా రెండు రకాల సీసాలు ఉండి తీరాలి.

ఒకటి, ఉత్త జావ సీసా. జావ తనంతట తాను ఇచ్చే గ్యాసు ఎంతో ఇది చెబుతుంది. దాన్ని మిగతా సీసాల లెక్కలోంచి తీసేయాలి.

రెండు, సెల్యులోజ్ సీసా. అది దూది పొడి లాంటి శుద్ధ పదార్థం. దాని నుంచి ఎంత రావాలో ముందే తెలుసు. బాగా తగ్గినా, రాగలిగినదాన్ని మించినా బ్యాచ్ మొత్తం పారబోయాలి.

ధారూర్ దగ్గరి ఒక పల్లె ఏడాదిన్నర కిందట మాకు పేడ పంపింది. ఆ ఊరి పేరు రాయను. ఆ బ్యాచ్‌లో సెల్యులోజ్ సీసా ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ గ్యాసు ఇచ్చింది. ఎందుకా అని వెతికితే ఉత్త జావ సీసా బిరడా అంచున సన్నటి బుడగల వరస కనిపించింది. సీసా కారుతోంది. కారే సీసాలో గ్యాసు తక్కువగా కనిపిస్తుంది. మనం తీసేసేది తగ్గుతుంది. పేడ ఖాతాలో లేనిది మిగులుతుంది. మా పై అధికారికి చూపించాను. "పేడే కదయ్యా, పంపించెయ్," అన్నాడు. పంపించేశాను. సంతకం నాది.

ఆ కాగితం నమ్మి ఆ ఊళ్లో ఇరవై ఆరు ఇళ్లకు సరిపోతుందని ప్లాంటు కట్టుకున్నారు. గ్యాసు చాలలేదు. మొన్న వాళ్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మీ లెక్క ప్రకారం రావాల్సినంత గ్యాసు రావడం లేదు, ప్లాంటు చూసుకునే కిష్టయ్య పేడను బయటికి తరలిస్తున్నాడని ఊరి అనుమానం, మీరే వచ్చి తేల్చాలి అని దాని సారాంశం.

ఒక మనిషి దొంగో కాదో తేల్చడానికి నన్ను పంపారు. వెంట తీసుకెళ్లినవి: థర్మోకోల్ పెట్టె, నాలుగు ఐసు ప్యాకెట్లు, బిగుతు మూతల డబ్బాలు ఆరు, చేతి తూకం, తొడుగులు, నోట్‌బుక్. కారిన సీసా సంగతి నాకూ మా అధికారికీ తప్ప ఎవరికీ తెలియదు.

సీతాఫలాల గంప

లింగంపల్లి దాటాక నా ఎదురుగా ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. పట్నంలో సీతాఫలాలు అమ్మి తిరిగి వెళ్తోంది. గంప అడుగున నలిగిన కాయలు నాలుగు మిగిలాయి. ఆమె కళ్లు మాత్రం నా పెట్టె మీదే ఉన్నాయి.

"ఏమున్నది కొడుకా డబ్బల, ఐస్‌క్రీమా?"

"ఏం లేదమ్మా, ఖాళీదే."

"ఖాళీ డబ్బ ఏస్కొని రైలెక్కినవా?"

"వచ్చేటప్పుడు పేడ తెస్తాను. పరీక్షకు."

ఆమె పక్కనున్నామె వైపు తిరిగింది. "ఇన్నవా? గింత సదువు సదివి పెండ కోసం పోతుండట. పట్నంల బర్లు పెండ ఏస్తలేవా ఏంది?"

బోగీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇక్కడ పేడను పెండ అంటారని నాకు అప్పుడే తెలిసింది. నవ్వు ఆగాక ఆమెకు జాలి కలిగినట్టుంది, పనితనం నేర్పింది.

"మంచి పెండ గావాల్నంటే తెల్లారంగ పోవాలె. బర్రె తోక ఎత్తంగనే ఇగో గిట్ల పట్టాలె." రెండు అరచేతులూ దోసిలి చేసి చూపించింది. "నేల తాకిందంటే ఇగ గది మంచి అలుకుకు రాదు. పండుగకు, పెండ్లికి గట్లనే పట్టుకుంటం."

మా తణుకు వైపు కళ్లాపికి ఏ పేడ దొరికితే ఆ పేడ బకెట్లో కలిపేస్తారు. ఇదొక వింత ఆచారమని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిగిలిన నాలుగు కాయలూ ఇరవై రూపాయలకు నాకే అంటగట్టి ఆమె గొల్లగూడలో దిగిపోయింది. రెండు కాయల్లో పురుగులున్నాయి.

వికారాబాద్: ఒకే రక్తం, రెండు కాగితాలు

ఆ సాయంత్రం వికారాబాద్‌లో ఒక చిన్న మెస్సులో తిన్నాను. దాన్ని నడిపే సామ్యేల్‌కు యాభై దాటి ఉంటాయి. వాళ్ల తాత, నాన్న నవాబుపేట వైపు పొలాల్లో జీతమున్నారట. ఈయన పెనం ముందు కూర్చుని రొట్టెలు చేస్తాడు. జొన్న రొట్టె పదిహేను రూపాయలు, కందిపప్పు, ఉల్లిగడ్డ, ఎర్రకారం ఉచితం. మావైపు అన్నం పెట్టకపోతే భోజనం అయినట్టు కాదు. రెండు రొట్టెలకే నాకు దవడలు నొప్పి పుట్టాయి.

"మెల్లగ నములు తమ్మీ, రొట్టె యాడికి పోదు," అన్నాడు. తర్వాత నా పని ఏమిటని అడిగాడు. ల్యాబు అనగానే అట్లకాడ కింద పెట్టి ఇటు తిరిగాడు.

"ల్యాబుల సంగతి నాకు చెప్పకు. నాకు షుగరున్నది. పొద్దుగాల ఇక్కడ రక్తం ఇచ్చిన. ఎక్కువుందన్నరు. పరేషానై గదే పొద్దు ఇంకో దగ్గర ఇచ్చిన. తక్కువుందన్నరు. ఒక్కటే రక్తం, రెండు కాగితాలు. ఇప్పుడు చెప్పు, నేను దేన్ని చూసి మందు మింగాలె?"

ఇచ్చిన వేళ, మధ్యలో తిన్న తిండి, యంత్రం, రసాయనం అని నాలుగు కారణాలు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"గదంత సరే గని, నీకు ఒకటి చెప్త రాసుకో," అన్నాడు. "తక్కువొచ్చిన కాగితం జేబుల పెట్టుకున్న. ఎక్కువొచ్చింది పొయ్యిల ఏసిన."

నవ్వాడు. నేనూ నవ్వాను. అతని కాలి బొటనవేలికి కట్టు కట్టి ఉండడం లేచి వచ్చేటప్పుడు చూశాను.

గోడ మీద నా సంతకం

మర్నాడు పొద్దున్నే ధారూర్‌లో దిగి ఆటో ఎక్కాను. దారికి రెండు పక్కలా కంది చేలు పూత మీద ఉన్నాయి. ఒక గుంతలో ఆటో ఎగిరేసరికి నా పెట్టె మూత గాల్లోకి లేచి చేలో పడింది. వెతికి తెచ్చుకునేసరికి ఒక అంచు విరిగి ఉంది. అప్పటి నుంచి మూతను తాడుతో కట్టుకుని తిరిగాను.

సంఘం పెద్ద నర్సింలు ప్లాంటు దగ్గరే ఎదురొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. నాకు స్టూలు తెప్పించి తను నిలబడే మాట్లాడాడు. రేకుల గది గోడకు నా పాత రిపోర్టు వేలాడుతోంది. లామినేషన్ చేయించారు. గ్యాసు అంకె చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అడుగున మేం ప్రతి రిపోర్టులో వేసే చిన్న అక్షరాల ఇంగ్లీషు వాక్యం కూడా ఉంది. ఈ ఫలితం మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుందని దాని అర్థం. దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. చదివినా ఏం తెలుస్తుంది?

"గా లెక్కకు సగం గూడ వస్తలేదు సార్," అన్నాడు నర్సింలు. "పొద్దుగాల చాయ్ పెట్టుకునేసరికి అయిపోతది. ఇంటికో తట్ట పెండ తప్పకుంట పోస్తున్నం. మీ కాగితం తప్పు చెప్పదు గద. మరి పెండ యాడికి పోతున్నట్టు?"

"కిష్టయ్య ఎక్కడ?"

"పోయిండు. తాండూరుల బండల పనికి. రెండు నెలలైతుంది. తప్పు లేనోడు ఎందుకు పోతడు సార్, మీరే చెప్పుండ్రి."

తట్టలు వచ్చే వేళ అదే. ఒక్కొక్క ఇంటి నుంచి ఆడవాళ్లు తెచ్చి తొట్టిలో పోస్తున్నారు. ప్రతి తట్ట నుంచి ఒక గుప్పెడు తీసి, కలిపి, రెండు డబ్బాలు నింపాను. తొడుగు వేసుకున్నా వేళ్ల మధ్య గరగరలాడింది. నోట్‌బుక్‌లో రాసుకున్నవి: రంగు గోధుమ కంటే తెలుపు ఎక్కువ. కంది కట్టె ముక్కలు. గడ్డి. మన్ను. పిండి లాంటి తెల్ల పొడి, చాలా.

మల్లమ్మ పట్టిన పేడ

కిష్టయ్య భార్య మల్లమ్మ ఊరి చివర ఉంటుంది. ఇంటి ముందు ఒక పెద్ద ముళ్లకంచె దొడ్డి. అందులో ఒక్క గొర్రె కూడా లేదు. కొట్టంలో రెండు బర్రెలున్నాయి. నేనెవరో చెప్పగానే ఆమె మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏం రాసుకపోతవో రాసుకపో సారూ. బద్నాం అయ్యేది ఇంకేం మిగల్లే."

వాళ్లది మందలు కాసే ఇల్లు. వేసవిలో రైతులు పిలిస్తే పొలంలో రాత్రిళ్లు మంద కడతారు. గొర్రెల పెంటికలు, మూత్రం నేలకు ఎరువు. బదులుగా జొన్నలు పెడతారు. పెంట విలువ తెలిసిన మనిషని ప్లాంటు పని కిష్టయ్యకే ఇచ్చారు. గ్యాసు తగ్గేసరికి అదే మాట తిరగబడింది.

"పెంట ఇలువ ఎరుకైనోడు కాబట్టి ఎత్కపోతుండు అన్నరు. ఆయన బజార్ల నడుస్తుంటే పెంటకుప్పల మీద గోనెపట్టాలు కప్పుడు సురువు జేసిన్రు. నవ్వుకుంట. ముసలోళ్లు గూడ. గీ ఎండకాలం మంద కట్టమని ఒక్కలు పిలువలే. తెల్లారేసరికి పెంట మాయమైతదంట! మేత యాడికెళ్లి తేవాలె? అమ్మేసిండు. డెబ్బై గొర్లు. అమ్మిన పొద్దు దొడ్ల కూసొని గేటు తీసుడు, మూసుడు. తీసుడు, మూసుడు."

నేను రాయడం ఆపాను. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మొదటిసారి పట్నానికి పంపిన పేడ ఎవరు తీశారు?

ఆమె ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది. "నేనే. ఆయన చెప్పిండు, పట్నంల పరీక్షకు పోతది మల్లమ్మా, మంచిది జూసి పట్టుమని. మూడు పొద్దులు తెల్లారక ముందే లేసి చేతులు పట్టిన సారూ. నేల తాకనియ్యలే. గడ్డి పరక ఒక్కటి లేకుంట ఏరిన."

రైల్లో పెద్దావిడ దోసిలి గుర్తొచ్చింది.

"ఊడ్చిన పేడ, తట్టల్లో పోసేది ఎందుకు పంపలేదమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పరాయోళ్ల ఇంటికి పోయేది ఊడ్చింది పంపుతమా? మా ఊరికి ఇజ్జత్ లేదా?"

నమూనా అడుగుతూ మేం వాళ్లకు పంపిన ఉత్తరం నేనే తయారుచేశాను. రెండు కిలోలు, డబ్బా, ఐసు, చిరునామా అన్నీ వరస సంఖ్యలతో రాశాను. పేడ ఎక్కడి నుంచి తీయాలో ఒక్క ముక్క లేదు.

"తప్పైందా సారూ?" అంది, నా ముఖం చూసి.

"మీ తప్పు కాదు. మేం చెప్పలేదు."

తర్వాత కొట్టం చూపించమన్నాను. నేల మీద జానెడు మందాన తెల్ల పొడి. తాండూరులో బండలు పాలిష్ చేస్తే మిగిలేదట. వానాకాలం తడికి పశువుల గిట్టలు పాచిపోతుంటే, రెండేళ్లుగా ఊరంతా ట్రాక్టర్లతో ఇదే తెప్పించి కొట్టాల్లో పోస్తున్నారు. ఊరికే ఇస్తారు. రోజూ పేడతో పాటు ఇదీ తట్టలోకి ఎక్కుతుంది. ప్లాంటు తొట్టిలో పడి అడుక్కి దిగుతుంది. రాయికి గ్యాసు రాదు. పైగా గ్యాసు వచ్చే చోటును ఆక్రమిస్తుంది. పేడ ఎటూ పోలేదు. తట్టలో పేడగా లెక్కేసినదాంట్లో చాలాభాగం పేడే కాదు.

ఆ సాయంత్రం పాలు పితికే వేళ మల్లమ్మ మళ్లీ దోసిలి పట్టి నాకొక డబ్బా నింపి ఇచ్చింది. ఈసారి ఎందుకో చెప్పి అడిగాను. అయినా రెండు గడ్డి పరకలు ఏరి పారేసింది.

నిమ్మకాయ

నెల రోజుల పరీక్ష ఊళ్లో చేసి చూపించలేను. కానీ తాండూరు బండ సున్నపురాయి, సున్నపురాయి మీద పులుపు పడితే పొంగుతుంది. ప్లాంటు దగ్గర జనాన్ని పిలిపించమన్నాను. రెండు స్టీలు పళ్లాలు పెట్టాను. ఒకదాంట్లో తట్టల పేడను నీళ్లతో కడిగితే అడుగున మిగిలిన మడ్డి, రెండోదాంట్లో మల్లమ్మ పట్టిన పేడ కడిగితే మిగిలిన కాస్త పీచు. రెండింటి మీదా నిమ్మకాయ పిండాను. మొదటి పళ్లెం బుసబుసమని నురగ కక్కింది. రెండోది కదల్లేదు.

"చూశారా? ఇది రాయి పొడి. మీ తట్టల్లో వస్తున్నది. పేడ ఎవరూ ఎత్తుకుపోలేదు."

ముందున్నవాళ్లు వంగి పళ్లెంలోకి చూశారు. తర్వాత వెనకనుంచి ఒక ముసలాయన గొంతు వచ్చింది.

"నిమ్మకాయలు కోసేటోళ్లు మా ఊరికి మస్తుమంది వచ్చిన్రు సారూ. గాళ్లు పొగ గూడ తెప్పించిన్రు."

అందరూ విరగబడి నవ్వారు. నర్సింలు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుల మధ్య ఒక యువకుడు గోడ మీది కాగితం చూపించాడు.

"గా సంతకం ఎవరిది సార్?"

"నాదే."

"అప్పుడేమో గింత గ్యాస్ వస్తదని రాసిన్రు. ఇప్పుడేమో రాయున్నది రాదు అంటున్రు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

మల్లమ్మ జనం అంచున నిలబడి నా వైపే చూస్తోంది. అప్పుడు పంపిన పేడ వేరు, ఇప్పుడు పోస్తున్న పేడ వేరు అని చెప్పాను. అది నిజమే. సీసా కారిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

"గట్లనా! అంటే మొగుడు పెండ మాయం జేసిండు, పెండ్లాం మంచి పెండ పంపి పట్నపోళ్లను గూడ మోసం జేసింది," అన్నాడు ఆ యువకుడు. మళ్లీ నవ్వారు. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమెను కాపాడబోయి ఆమె మీదికి ఇంకో మాట తెచ్చాను.

ఆ పూట నర్సింలు ఇంట్లోనే తిన్నాను. పుంటికూర పప్పు, జొన్న రొట్టె, గట్టి పెరుగు. "మీరు ఫికర్ జేయకుండ్రి సార్. కాగితం పంపుండ్రి. కాగితమైతే ఇంటరు," అన్నాడు. రొట్టె మీద రొట్టె వేస్తూనే ఉన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఆ ఊళ్లో చెడ్డ మనిషి ఎవరో రోజంతా తిరిగినా నేను కనిపెట్టలేకపోయాను.

తాండూరు: తెల్ల బురద

మూడో రోజు తాండూరు. స్టేషన్ నుంచే బండలు మొదలవుతాయి. అరుగులు, ప్రహరీలు, మెట్లు, మురుగు కాలువల మీద మూతలు, అన్నీ ఆ బూడిద నీలం రాయే. హోటల్లో పెట్టె లోపలికి తేవద్దన్నారు. బయట మెట్ల మీద పెట్టి, దాన్ని చూస్తూ తిన్నాను. సర్వర్ నాతో తెలుగులోనూ వంటవాడితో కన్నడంలోనూ మాట్లాడాడు. రొట్టెతో పాటు పుండి పల్యా అని పెట్టాడు. చూస్తే మా గోంగూరే. నిన్న ధారూర్ దగ్గర పుంటికూర అయింది, ఇక్కడ పుండి. రొట్టె పన్నెండు రూపాయలు, వికారాబాద్ కంటే మూడు తక్కువ. కొత్త ఐసు ముక్కలకు కూల్‌డ్రింక్ షాపువాడు నలభై తీసుకున్నాడు.

మల్లమ్మ చెప్పిన పాలిష్ యార్డు పట్టాలకు కాస్త దూరంలో ఉంది. యంత్రాల రొదలో మాటలు వినపడవు. బండల మీద నీళ్లు పోస్తూ అరగదీస్తారు. ఆ నీళ్లు తెల్లగా పారి గుంతలో చేరి బురదవుతాయి. ఆరిన బురదను పారతో ట్రాక్టర్‌లోకి ఎత్తడం కిష్టయ్య పని. మూతికి తువ్వాల కట్టుకున్నాడు. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. నేనెవరో చెప్పగానే పార నాటి, బండల దొంతర మీద కూర్చున్నాడు. దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"మల్లమ్మ ఫోన్ జేసింది. నిమ్మకాయ పిండినవంట."

"అవును."

"నవ్విన్రంట."

"అవును."

పొడి గురించి చెప్పాను. అతనికి కొత్త కాదు.

"నాకెరుకే. కలిపేటప్పుడు అడుగుకు దిగుతది, ఇసుక లెక్క. నర్సింలుకు రెండుసార్లు చెప్పిన. కాగితం కంటె నీకు ఎక్కువ ఎరుకనా అన్నడు. నేనేమంట? సదువురానోణ్ని."

అప్పుడు సీసా సంగతి చెప్పాను. ఉత్త జావ ఏమిటి, ఎందుకు తీసేయాలి, బిరడా పక్కన బుడగలు, అన్నీ వరసగా. రెండు నిమిషాలు పట్టింది. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"అప్పుడే ఎరుకనా నీకు?"

"అప్పుడే తెలుసు."

"అంటే, కారింది నీ సీస. దొంగనైంది నేను."

యంత్రం ఆగి మళ్లీ మొదలైంది.

"నిన్న ఊరోళ్లందరి ముంగట నిలబడ్డవ్ గద. నిమ్మకాయ పిండినవ్. గిదొక్క ముచ్చట నోట్లకెళ్లి రాలేదా?"

"రాలేదు."

అరుస్తాడేమోనని రైల్లో సిద్ధపడి వచ్చాను. అరవలేదు. కాగితం మీద రాస్తానని చెప్పాను.

"అండ్ల నా పేరు రాస్తవా? కిష్టయ్య దొంగ కాదని?"

మా రిపోర్టులో ఉండే గడులు మనసులో తిప్పి చూశాను. నమూనా సంఖ్య, బరువు, తేమ, కాల్చితే మిగిలే బూడిద, గ్యాసు. "మనుషుల పేర్లు రాసే చోటు ఉండదు," అన్నాను.

"మొదటి కాగితంల గూడ నా పేరు లేకుండె," అన్నాడు కిష్టయ్య. "అయినా నన్నే అన్నది."

ఊరికి తిరిగి వస్తారా అని అడిగాను. మంద ఉంటే వచ్చేటోణ్ని, మంద లేనోడు ఊళ్లె ఏం జేస్తడు అన్నాడు. ట్రాక్టర్ హారన్ మోగింది. లేచి, పోబోతూ నా పెట్టె తాడు విప్పమన్నాడు. డబ్బా మూత తీసి చూశాడు, వాసన చూశాడు.

"మల్లమ్మ పట్టిందే. మంచిగున్నది," అని మూత పెట్టి బిగించాడు. నాకంటే గట్టిగా బిగించాడు.

"ఈ పొడి ఎక్కడికి పోతుంది?" అన్నాను ట్రాక్టర్ చూపించి.

"ఎవరడిగితే ఆడికి. మా ఊరికి గూడ పోతది."

తిరిగొచ్చాక

పన్నెండు సీసాలు పెట్టాను. ఉత్త జావ మూడు, సెల్యులోజ్ మూడు, దోసిట్లో పట్టిన పేడ మూడు, ఊడ్చిన పేడ మూడు. బిరడాలన్నీ ముందు నీళ్లలో ముంచి చూశాను. ఒక్క బుడగ లేదు. నెల గడిచేసరికి సెల్యులోజ్ రావాల్సినంతే వచ్చింది, మూడు సీసాల్లోనూ దగ్గరదగ్గరగా. ఊడ్చిన పేడ కిలోకు ఇచ్చిన గ్యాసు, పట్టిన పేడ ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. ప్లాంటు నిజంగా ఇస్తున్న గ్యాసుకు ఈ అంకె దాదాపు సరిపోయింది. దొంగకు చోటు మిగల్లేదు.

రిపోర్టు మొదటి వాక్యంలోనే రాశాను: ఇంతకుముందు మేం ఇచ్చిన ఫలితం తప్పు, ఆ బ్యాచ్‌లో ఒక సీసా కారింది, ఆ సంగతి తెలిసీ రిపోర్టు ఇచ్చాం. రెండో వాక్యం: ఆ నమూనా ప్లాంటులో పోసే పేడ కాదు, ఎలా తీయాలో మేం చెప్పలేదు. చివర, రిమార్కుల గడిలో: గ్యాసు తక్కువ రావడానికి కారణం పేడలో కలుస్తున్న బండ పొడి, పేడ తరలిపోవడం కాదు. పేరు రాయకుండా పేరుకు ఎంత దగ్గరగా వెళ్లగలనో అంత దగ్గరగా వెళ్లాను.

"ఇది పంపితే మన మిగతా రిపోర్టులు ఎవరు నమ్ముతారు?" అన్నాడు మా అధికారి. న్యాయమైన ప్రశ్నే. సంతకం నాది కాబట్టి పంపాను. ఇప్పుడు నాకు రిపోర్టులు రాసే పని ఇవ్వడం లేదు. బిరడాలు పరీక్షించే పని ఇచ్చారు. అది శ్రద్ధగానే చేస్తున్నాను.

మూడు వారాల తర్వాత నర్సింలుకు ఫోన్ చేశాను.

"వచ్చింది సార్, వచ్చింది. పాతదాని పక్కకే గోడకు పెట్టిన."

"పాతది తీసేయలేదా?"

"తీద్దామంటే సగంమంది వద్దన్నరు. ఉండని అన్న. ఇప్పుడు రెండున్నయ్. ఎవరికి ఏది గావాల్నో గది సదువుకుంటున్రు."

కిష్టయ్య గురించి అడిగాను. రాలేదన్నాడు. మల్లమ్మ కూడా బర్రెలను అమ్మజూస్తోందని చెప్పాడు. కొత్త కాగితం అంచులు అప్పుడే తేమకు చుట్టుకుంటున్నాయట, పాతది మాత్రం లామినేషన్‌తో అట్లాగే ఉందట. కొత్తదాన్ని కూడా చేయించమన్నాను.

"చేపిస్త సార్. తాండూరు పోయినప్పుడు," అన్నాడు.

ధారూర్ నుంచి తాండూరుకు రైల్లో గంట కూడా పట్టదు. ఆ మూడో రోజు నేను వెళ్లిన దారే అది.